ఎడారిలో పది రోజులు: మేకలు కాసే పిల్ల కంటపడి బతికాడు

జగిత్యాల (మా విలేకరి): గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు మన జిల్లాలో వెతికితే గాని దొరకదు. కొందరు దుబాయిలో తాపీ పనికి, కొందరు మస్కట్‌లో తోట పనికి, మరికొందరు కువైట్‌లో ఇండ్లలో డ్రైవర్లుగా పోతుంటారు. కష్టం ఎంత ఉన్నా వీరికి చుట్టూ రోడ్డు, లైట్లు, నలుగురు మనుషులు కనబడుతూనే ఉంటారు. కొందరి నసీబు మాత్రం వేరుగా ఉంటుంది. తోట పని అని ఒకరు, ఇంటి పని అని ఒకరు చెబితే నమ్మి విమానం ఎక్కినవారు చివరికి నడి ఎడారిలో ఒంటెల దగ్గరో గొర్రెల దగ్గరో తేలుతుంటారు. అటువంటి చోట మందలోంచి ఒక జీవం తప్పిపోతే వెతకడానికి పోవలసింది ఒక్కడే. కనుక ఎడారిలో దారి తప్పడం అనేది మన ఊళ్లవారికి సినిమా కథ కాదు.

2024 ఆగస్టులో వచ్చిన వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. సౌదీ అరేబియాలో ఉద్యోగం చేస్తున్న తెలంగాణ యువకుడు ఒకరు, ఆయనతో ఉన్న సూడాన్ దేశస్థుడు ఒకరు బండిలో పోతూ రబ్ అల్ ఖాలీ ఎడారిలో దారి తప్పారు. దారి చూపించే జీపీఎస్ పనిచేయలేదు. బండిలో పెట్రోలు, ఫోనులో చార్జింగు రెండూ అయిపోయాయి. నాలుగు రోజుల తరువాత ఇద్దరి మృతదేహాలు బండి పక్కనే నమాజు చాపల మీద కనిపించాయి.

రబ్ అల్ ఖాలీ అంటే అరబ్బీలో 'ఖాళీగా ఉన్న పావు భాగం' అని అర్థం. మనం రోజూ వాడే ఖాళీ అన్న మాట, ఆ ఖాలీ ఒకటే. దీని విస్తీర్ణం దాదాపు 6 లక్షల 50 వేల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా 2 లక్షల 75 వేలకు మించవు. అంత జాగాలో ఒక మనిషిని వెతకడం ఎట్లా ఉంటుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

అయితే బండి కూడా లేకుండా, కాలినడకన, ఒంటరిగా ఎడారిలో తప్పిపోయి, ఇంతకంటే ఎక్కువ రోజులు బతికి బయటపడ్డవారు కూడా ఉన్నారు. వారిలో ఇటలీ దేశపు పోలీసు మౌరో ప్రోస్పెరి కథ ప్రపంచమంతా చెప్పుకున్నది. ఆ కథను ఈ మధ్య రాయికల్ మండలంలోని ఒక ఊళ్లో, సౌదీలో ఆరేండ్లు ఒంటెలు కాసి వచ్చిన ఒక పెద్దమనిషికి ఈ విలేకరి చెప్పి, ఆయన ఏమంటారో అడగడం జరిగింది. తన పేరు పత్రికలో వేయవద్దని ఆయన కోరారు. ఆయన చెప్పిన సంగతులు తరువాత వస్తాయి. ముందు ఇటలీ పోలీసు సంగతి.

పరుగు పందెంలో తప్పిపోయాడు

ఆఫ్రికా ఖండంలో ఉత్తరాన మొరాకో అనే దేశం ఉన్నది. దాని దక్షిణ భాగమంతా సహారా ఎడారి. అక్కడ 1986 నుంచి ఒక పరుగు పందెం జరుగుతున్నది. ఎవరి తిండి, ఎవరి పడక వారే వీపున మోసుకుంటూ దాదాపు 250 కిలోమీటర్లు ఇసుకలో పరుగెత్తాలి. నీళ్లు మాత్రం నిర్వాహకులు దారిలో అక్కడక్కడ ఇస్తారు. డబ్బిచ్చి మరీ ఇంత కష్టం పడటం ఎందుకని మన రైతుకు అనిపించవచ్చు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అని ఊరుకోవాలి.

1994 ఏప్రిల్‌లో జరిగిన పందెంలో ప్రోస్పెరి పాల్గొన్నాడు. అప్పటికి అతడికి నలభై ఏండ్లు దగ్గర పడుతున్నాయి. చిన్నప్పటి నుంచి ఆటగాడు, గట్టి మనిషి. నాలుగో రోజు అన్నిటికంటే పొడుగు దారి, ఎనభై కిలోమీటర్లు దాటి ఉంటుంది. అతడు ముందువరసలో ఉన్నాడు. వెనక ఎవరు వస్తున్నారో, ముందు ఎవరు పోతున్నారో కనబడనంత ఎడం ఏర్పడింది. ఇంతలో ఇసుక తుఫాను లేచింది.

మన దగ్గర గాలిదుమారం లేస్తే అరగంటలో పోతుంది. అది ఎనిమిది గంటలు కొట్టింది. ఇసుక సూదుల్లాగా ఒంటికి గుచ్చుకుంటుంటే ముఖానికి గుడ్డ చుట్టుకున్నాడు. ఒకచోట నిలబడితే ఇసుక కప్పేస్తుందనే భయం ఒకటి, పందెంలో వెనకబడతానేమో అనే రంధి ఒకటి. కదులుతూనే ఉన్నాడు. తుఫాను ఆగేసరికి చీకటి పడింది. తెల్లారి పోవచ్చులే అని ఇసుక దిబ్బ పక్కన పడుకున్నాడు.

తెల్లారి చూస్తే లోకమే మారిపోయింది. నిన్నటి దిబ్బ ఈ రోజు లేదు. అడుగుల జాడ లేదు. చేతిలో దిక్సూచి ఉన్నది, పటం ఉన్నది. కానీ తాను ఎక్కడ ఉన్నాడో తెలియనివాడికి పటం ఏం చెబుతుంది? నాలుగు గంటలు నడిచి ఒక ఎత్తు దిబ్బ ఎక్కి చూశాడు. నాలుగు దిక్కులా ఇసుక తప్ప మరేమీ లేదు. అప్పుడు గాని తాను తప్పిపోయానని అతడికి బోధపడలేదు. సీసాలో సగం నీళ్లు మిగిలి ఉన్నాయి.

ఇక్కడ అతడు చేసిన పని గమనించదగినది. ఆగమాగం పరుగెత్తలేదు. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ మాత్రమే నడిచాడు. ఎండ ఎక్కగానే ఏదో ఒక నీడ చూసుకుని కూర్చున్నాడు. రెండో రోజు సాయంత్రం హెలికాప్టరు ఒకటి వచ్చింది. పైలట్ టోపీ కనబడేంత కిందికి వచ్చింది. అతడు మంట విసిరే తారాజువ్వ కాల్చాడు. పైలట్ చూడలేదు, హెలికాప్టరు వెళ్లిపోయింది.

తరువాత ఎక్కడో ఇసుక నడుమ ఒక పాత కట్టడం కనిపించింది. మన దర్గా వంటిది. ఎవరో ఒక ఫకీరు సమాధి లోపల ఉన్నది, మనుషులు మాత్రం లేరు. దాని మీదికెక్కి తన దేశపు జెండా పాతాడు. పైకప్పు సందుల్లో గబ్బిలాలు వేలాడుతున్నాయి. వాటిని పట్టుకుని పచ్చివే తిన్నాడు. నీళ్లు అయిపోయినందున తన మూత్రమే తాను తాగాడు. చదివేవారికి రోత పుట్టవచ్చు. ఆకలి, దప్పి ఎరిగినవారు అతడిని తప్పు పట్టరు.

కొన్నాళ్లకు విమానం చప్పుడు వినిపించింది. దగ్గర ఉన్నవన్నీ కుప్ప పోసి మంట పెట్టాడు. సరిగ్గా అప్పుడే మళ్లీ ఇసుక తుఫాను వచ్చింది. పన్నెండు గంటలు. విమానం కూడా పోయింది.

ఆ రాత్రి అతడి ధైర్యం చెదిరింది. బొగ్గు ముక్కతో భార్యకు చివరి మాటలు రాసి, ప్రాణం తీసుకోబోయాడు. అదీ కాలేదు. తెల్లవారి కండ్లు తెరిచి చూస్తే బతికే ఉన్నాడు. చావు కూడా నన్ను వద్దన్నది, ఇక నడవడమే అనుకున్నాడు. పందెం మొదలు కాకముందు ఆ ప్రాంతపు ఎడారి మనుషులు చెప్పిన ఒక సలహా గుర్తుకొచ్చింది. దారి తప్పితే పొద్దున్నే ఆకాశం అంచున కనిపించే మబ్బుల దిక్కు పట్టి పొమ్మని వారన్నారు. ఎండ ముదిరాక ఆ మబ్బులు కనబడవు. అందుకని పొద్దునే దిక్కు గుర్తు పెట్టుకుని, దిక్సూచి మీద అదే దిక్కు పట్టి నడిచాడు. పాములను, తొండలను చంపి తిన్నాడు. ఎండిన వాగుల్లో దొరికిన మొక్కలను నమిలాడు.

ఎనిమిదో రోజు ఒక చిన్న నీటి మడుగు కనిపించింది. దాని పక్కన పడుకుని గంటల తరబడి గుక్కెడు గుక్కెడుగా తాగాడు. గొంతు పూడుకుపోయి మింగుడు పడలేదట. అక్కడే ఇసుకలో ఒక మనిషి అడుగు కనిపించింది.

మరునాడు మేక పెంటికలు కనిపించాయి. ఆ తరువాత మేకలు. వాటి వెనక ఎనిమిదేండ్ల వయసుండే పిల్ల ఒకతె. ఆ పిల్ల ఇతడిని చూసి దయ్యమనుకుని కేక పెట్టి డేరాల దిక్కు పరుగెత్తింది. అక్కడ ఆడవారే ఉన్నారు, మగవారు అంగడికి పోయారు. పరాయి మగవాడిని డేరాలోకి రానివ్వలేదు గాని బయట నీడలో పడుకోబెట్టి మేకపాలు ఇచ్చారు. ఒకరిని పంపి పోలీసులకు కబురు చేశారు. అన్ని విమానాలు, హెలికాప్టర్లు వెతికి కనుక్కోలేని మనిషిని మేకలు కాసే పిల్ల కనుక్కున్నది.

పోలీసులు వచ్చి ఇతడు గూఢచారేమో అనుకుని కండ్లకు గంతలు కట్టి తీసుకుపోయారు. చివరికి అతడు తప్పిపోయిన పోలీసేనని తేలింది. అప్పుడు తెలిసింది, అతడు ఉన్నది మొరాకోలో కాదు, సరిహద్దు దాటి అల్జీరియా దేశంలో. పందెం దారి నుంచి 291 కిలోమీటర్ల దూరం. మన లెక్కలో జగిత్యాల నుంచి హైదరాబాదు పోయి, తిరుగు దారిలో సిద్దిపేట దాటినంత. టిండూఫ్ అనే పట్టణంలో ఆస్పత్రిలో చేర్చారు. 16 కిలోల బరువు తగ్గాడు. కాలేయం దెబ్బతిన్నది. చాలా నెలలు గట్టి ఆహారం తినలేక జావ, పులుసు తాగి బతికాడు. పూర్తిగా కోలుకోవడానికి రెండేండ్లు పట్టింది.

ఇదంతా నిజమేనా అని సందేహించినవారు కూడా లేకపోలేదు. ఒంటరిగా జరిగినదానికి సాక్ష్యం ఉండదు కదా. కానీ అతడు తప్పిపోయింది మొరాకోలో, దొరికింది పది రోజుల తరువాత అల్జీరియాలో. ఇందులో మాత్రం ఎవరికీ అనుమానం లేదు.

'పెంటిక పచ్చిగ ఉన్నదా ఎండిందా చూడాలె'

ఈ కథ అంతా విని మన రాయికల్ మండలం పెద్దమనిషి గబ్బిలాల దగ్గర గాని, తుఫాను దగ్గర గాని ఆశ్చర్యపోలేదు. మేక పెంటికల మాట రాగానే నవ్వారు.

"గది మొదలే చూసుండాలె తమ్మీ. మనోళ్లకు గిది చెప్పనక్కర లేదు. పెంటిక నల్లగ నిగనిగలాడితే మంద గీ పొద్దే పోయినట్టు. తెల్లగై చేతుల నలిపితే పొడైతే ఎన్నడో పోయింది, దాని ఎంబడి పోతే దండుగ" అన్నారు.

ఆయన ఇంకొక మాట కూడా చెప్పారు. ఎడారిలో పశువుల బాటలు చెట్టు కొమ్మల్లాగా ఉంటాయట. మేతకు పోయేటప్పుడు విడిపోతాయి, నీళ్లకు వచ్చేటప్పుడు కలుస్తాయి. రెండు బాటలు కలిసే దిక్కు పట్టి పోతే బావి గాని, తొట్టి గాని వస్తుంది. విడిపోయే దిక్కు పోతే ఉత్త ఇసుకే. మన చెరువు కట్టల దగ్గర గొడ్ల బాటలు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. చదువుకున్న ఇటలీ పోలీసుకు ఇది తెలిసి ఉంటే రెండు రోజులు ముందే బయటపడేవాడేమో అని ఈ విలేకరికి అనిపించింది.

జాడలు పట్టడంలో అరబ్బులలో మర్రా తెగవారు పేరుమోసినవారు. రబ్ అల్ ఖాలీ అంచున ఒంటెలు మేపుకునే వీరిని సౌదీ పోలీసులు దొంగలను, తప్పిపోయినవారిని వెతకడానికి వాడుకునేవారు. అడుగు చూసి అది ఆడదా మగదా, బరువు మోస్తున్నదా ఉత్తచేతులా అన్నది చెబుతారని వారికి పేరు. తాను పనిచేసిన చోట ఒక ముసలాయన ఒంటె అడుగు చూసి అది ఎవరి మందదో చెప్పేవాడని మన పెద్దమనిషి కూడా అన్నారు.

నీళ్ల కంటే ముందు నీడ

దప్పితో మనిషి ఎన్ని రోజులు బతుకుతాడన్నది రెండో ప్రపంచ యుద్ధం కాలంలో అమెరికా శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. సైనికులను ఎడారిలో ఉంచి, నడిపించి, వారి చెమట తూచి, రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన అడాల్ఫ్ బృందం ఈ పని చేసింది. 1947లో గ్రంథంగా వచ్చింది. ఇప్పటికీ ఎడారి సైన్యాలకు ఆ లెక్కే ఆధారం.

ఆ లెక్క ప్రకారం పగటి ఎండ 49 డిగ్రీలు ఉన్నచోట చుక్క నీరు లేకుండా నీడలో కదలకుండా కూర్చున్న మనిషి రెండు రోజులు బతుకుతాడు. రాత్రిపూట నడిచి పగలు పడుకున్నా ఒక్క రోజే. 38 డిగ్రీల దగ్గర కూర్చుంటే ఐదు రోజులు, రాత్రి నడిస్తే మూడు. 32 డిగ్రీల దగ్గర కూర్చుంటే వారం, నడిస్తే ఐదు రోజులు. ఇక పట్టపగలు ఎండలో నడిచేవాడి సంగతి చెప్పనే అక్కరలేదు. గంటకు లీటరు దాకా చెమట పోతుంది.

గల్ఫ్ ఎండ అంటే ఎంత? 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనం అంటాం. మన రామగుండం ఎండకు ఇంకో ఆరేడు డిగ్రీలు కలిపితే అది. సహారాలో ప్రోస్పెరి తప్పిపోయింది ఏప్రిల్‌లో. అదే జులై అయితే పది రోజుల కథ ఉండేది కాదు. 2024లో మన యువకుడు తప్పిపోయింది ఆగస్టులో అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. వారు బండిని వదలలేదు, అది సరైన పనే. కానీ అంత ఎండలో నీడన కూర్చున్నా గడువు రెండు మూడు రోజులే. ఆ గడువులోగా ఎవరైనా వచ్చి చేరాలి.

ఆ శాస్త్రజ్ఞులు తేల్చిన ఇంకొక సంగతి మన నమ్మకానికి విరుద్ధంగా ఉంటుంది. ఉన్న కొద్ది నీళ్లను దాచుకుని చుక్క చుక్క తాగాలని మనం అనుకుంటాం. అది తప్పట. సీసాలో ఉన్న నీరు ఒంట్లోకి పోతేనే పనిచేస్తుంది. దప్పి వేసినప్పుడు తాగాలి. పొదుపు చేయవలసింది చెమటను. అంటే ఎండలో కదలకుండా ఉండాలి, బట్టలు విప్పకూడదు. ఉక్కగా ఉన్నదని చొక్కా తీసేస్తే చెమట ఇంకా ఎక్కువ పోతుంది. అరబ్బులు నిలువెల్లా అంగీ వేసుకుని తలకు గుడ్డ చుట్టుకునేది ఊరికే కాదు. నీళ్లు లేనప్పుడు తిండి కూడా తగ్గించుకోవాలి, తిన్నది అరగడానికి నీరే కావాలి. మూత్రం తాగడం కూడా మంచిది కాదని వైద్యుల మాట. అందులోని ఉప్పు ఒంట్లోని నీటిని ఇంకా లాగేస్తుంది. ప్రోస్పెరి అది తాగినందుకు బతకలేదు, తాగినా బతికాడు అనుకోవాలి.

ఇసుక పైపొర పెనంలా కాలుతుంటుంది. మోకాలి లోతు తవ్వితే చల్లగా ఉంటుంది. బండి నీడలో కూర్చున్నా నేల మీద నేరుగా కాకుండా సీటు తీసి వేసుకుని గాని, గుంట తీసుకుని గాని కూర్చోవాలి.

2010 సెప్టెంబరులో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎడ్ రోసెంథాల్ అనే 64 ఏండ్ల ఆయన జాషువా ట్రీ అనే ఎడారి వనంలో ఒంటరిగా నడకకు పోయి ఒక మలుపు దగ్గర తప్పిపోయాడు. గుట్టల నడుమ లోయలో నీడ చూసుకుని, పొద్దుతో పాటు నీడ జరిగితే తానూ జరుగుతూ గడిపాడు. కాగితం లేదు గనుక భార్యకు, కూతురికి చెప్పవలసినవి తన టోపీ మీద రాసుకున్నాడు. ఆరో రోజు హెలికాప్టరు వచ్చి తీసుకుపోయింది. ఆయన నడిచి బయటపడలేదు. కూర్చుని బయటపడ్డాడు.

గుండ్రంగా ఎందుకు తిరుగుతారు

దారి తప్పినవాడు చుట్టూ తిరిగి మొదటి చోటికే వస్తాడని మన ఊళ్లలో అంటారు. దయ్యం తిప్పిందని కూడా అంటారు. 2009లో జర్మనీ శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షించారు. కొందరిని అడవిలో, కొందరిని ట్యునీషియా దేశపు సహారా ఎడారిలో తిన్నగా నడవమని వదిలి, వారి జాడను యంత్రంతో గుర్తించారు. సూర్యుడో చంద్రుడో కనబడినంత సేపు మనిషి దాదాపు తిన్నగానే పోయాడు. మబ్బు కమ్మినప్పుడు అడవిలో పోయినవారు గుండ్రంగా తిరిగారు, తాము తిరుగుతున్నామని కూడా వారికి తెలియలేదు. ఎడారిలో వెన్నెలలో తిన్నగా పోయినవాడు చంద్రుడు కుంగగానే వంకరపోయి వచ్చిన దిక్కుకే మళ్లాడు. అంటే దయ్యమేమీ లేదు. గురి లేకపోతే కాలు దానంతట అదే పక్కకు పోతుంది.

టైరు పొగ

మన పెద్దమనిషి స్వయంగా తప్పిపోయింది ఒక రాత్రి, ఒక పగలు. ఈనే ఆడ ఒంటె ఒకటి మందను వదిలి పోతే దాని వెనక నడిచిపోయారు. ఒంటె దొరకలేదు, గాలి లేచి జాడ చెరిగిపోయింది. చేతిలో ఐదు లీటర్ల నీళ్ల డబ్బా, అందులో సగం నీళ్లు ఉన్నాయి.

"తెల్లారినంక ఒక్క పొద చూసుకొని కూసున్న. లేసి పోదునా పోదునా అని పానం కొట్టుకుంటది. మా బాపు చిన్నప్పుడు చెప్పిండు, అడవిల దారి తప్పితే కూసోమని. నీ జాడ ఎతికేటోడు పాత జాడ మీదికెల్లి వస్తడు, నువ్వు ఎంత దూరం పోతే ఆనికి గంత కష్టం అని. గదే పట్టుకున్న" అన్నారు.

పొద్దుగూకిన తరువాత దూరంగా నల్లటి పొగ కనిపించింది. చీకటి పడ్డాక అది మంట అయింది. ఆయనతో పనిచేసే సూడాన్ దేశస్థుడు పాత టైరును దిబ్బ మీదికి దొర్లించుకుపోయి కాల్చాడు. ఒకటి కాలిపోతే ఇంకొకటి. ఆ మంట దిక్కు నడిచి అర్ధరాత్రి దాటాక డేరా చేరుకున్నారు. కఫీల్ మాత్రం మూడో రోజు వచ్చి, ఒంటె ఏదని అడిగాడట. మనిషి సంగతి అడగలేదు.

టైరు పొగ చాలా దూరం కనబడుతుంది. బండితో పోయినవారు చిక్కుకుంటే స్టెప్నీ టైరును, గాలి తీసేసి, కాల్చవచ్చు. పగలు పొగ, రాత్రి మంట. ఒకటి కాకుండా మూడు మంటలు వరుసగా పెడితే ఆపదలో ఉన్నవాడి గుర్తు అని విమానాల వారికి ఏ దేశంలోనైనా అర్థమవుతుంది. బండి అద్దం ఊడదీసి ఎండను విమానం దిక్కు తళుక్కుమనిపించినా కనబడుతుంది. బండి వదిలి నడవడం మాత్రం పనికిరాదు. ఆకాశం నుంచి చూసేవారికి బండి కనబడినంత తేలికగా మనిషి కనబడడు. ప్రోస్పెరి జుట్టు మీదుగా పోయిన పైలట్‌కే అతడు కనబడలేదు.

ఫోనుకు సిగ్నలు దొరికే చోట ఉంటే ఆపద నెంబర్లు ఇవి. కువైట్‌లో 112. యూఏఈ, ఖతార్, బహ్రెయిన్ దేశాల్లో 999. ఒమన్‌లో 9999. సౌదీలో కొన్ని ప్రాంతాల్లో 911, మిగిలినచోట్ల 999. పోయేవారికి ఇండ్లవారు ఇవి కాగితం మీద రాసి ఇవ్వడం మంచిది. ఫోనులో రాసుకుంటే ఫోనుతో పాటే పోతుంది.

ఇక్కడ ఇంటి దగ్గర ఉన్నవారి సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. మీ కొడుకు ఎక్కడ పనిచేస్తున్నాడని ఊళ్లో ఎవరినైనా అడగండి. సౌదీ అంటారు. సౌదీలో ఎక్కడ అంటే సౌదీలోనే అంటారు. రేపు ఏదైనా జరిగి రాయబార కార్యాలయానికి విన్నవించుకోవాలంటే వారు మొదట అడిగేది పాస్‌పోర్టు నెంబరు, కఫీల్ పేరు, ఫోను, పనిచేసే జాగా. అకామా కాపీ ఒకటి ఇంట్లో ఉంటే సగం పని అయినట్టే. ఈ రోజుల్లో ఫోనులో తానున్న జాగాను నొక్కి పంపే వీలున్నది. పని చేసే చోటికి చేరిన మొదటి రోజే అది ఇంటికి పంపించమని చెప్పాలి. తిరిగి ఎప్పుడు మాట్లాడతాడో ఒక వేళ పెట్టుకోవాలి. ఆ వేళ దాటి ఒక రోజు గడిస్తే ఊరుకోకూడదు. ఎడారిలో ఉన్న గడువు రెండు రోజులే కదా.

మన పెద్దమనిషి తప్పిపోయిన రోజున ఇంటి దగ్గర ఆయన భార్యకు ఆ సంగతే తెలియదు. నెలన్నర తరువాత ఉత్తరం వస్తే తెలిసింది. ఆమె దగ్గర అప్పుడున్న చిరునామా కవరు మీది పోస్టు బాక్సు నెంబరు ఒక్కటే. అది కఫీల్ ఇల్లున్న పట్నానిది. ఒంటెల మంద అక్కడికి రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉండేదని ఆయన చెప్పేదాకా ఆమెకు తెలియదు.